మునిరత్నం రౌటరు జరిపిన రోజు

ఆ రోజు పొద్దున మునిరత్నం చేయవలసిన పని ఒక్కటే: ఇంట్లో లేకుండా ఉండడం.

"ఉగ్గాని తినేసి మీరు తొందరగా అంగడికి పోండి. అదే మీరు నాకు చేసే సాయం" అని అతని భార్య నాగశ్రీ మెల్లగానే చెప్పింది. పదకొండు గంటలకు ఆమెకు ఇంటర్వ్యూ. ఎక్కడో బెంగళూరులో ఉన్న ఒక ఇంటర్నెట్ కంపెనీకి, తెలుగువాళ్ల ఫోన్లు ఎత్తి వాళ్ల కష్టాలు వినే మనుషులు కావాలట. ఇంట్లో కూర్చునే చేయవచ్చట. బీకాం చదివి, పెళ్లయ్యాక నందికొట్కూరులో వంటింటికీ హాలుకూ మధ్య తిరగడంతోనే సగం వయసు గడిపిన నాగశ్రీకి వచ్చిన మొదటి పిలుపు అది. పది రోజులుగా అద్దం ముందు నిలబడి, "నమస్కారం, మీకు నేను ఎలా సహాయపడగలను?" అని ఎదురుగా ఉన్న నాగశ్రీని అడుగుతోంది.

మునిరత్నానికి బస్టాండు దగ్గర పెయింట్ల అంగడి ఉంది. రంగుల సంగతి అతనికి బాగా తెలుసు. తెలియనివి మాత్రమే రిపేరు చేస్తాడు. అతను బాగుచేసిన మిక్సీ మీద ఇద్దరు మనుషులు చేతులేసి అదిమిపట్టుకుంటే తప్ప పచ్చడి నలగదు. అతను బాగుచేసిన ఫ్యానుకు రెండే స్థాయిలు: ఆగిపోవడం, తుఫాను. ఇదంతా అతనికి తెలియక కాదు. తన చేతి మహిమ గురించి అంగట్లో అందరికంటే ముందు తనే చెప్పి నవ్విస్తాడు. కానీ ఏదైనా వస్తువు నిక్షేపంగా పనిచేస్తూ కనబడితే అతని చెయ్యి ఊరుకోదు.

నాగశ్రీ స్నానానికి వెళ్లింది. మునిరత్నం చెప్పులేసుకున్నాడు కూడా. గడప దాటే ముందు ఊరికే ఆమె ల్యాప్‌టాప్ వైపు చూశాడు. వైఫై గుర్తులో పైగీత ఒకటి వెలగడం లేదు. పెళ్లాం జీవితంలో మొదటి ఇంటర్వ్యూకు గీత తక్కువ ఉండడమా! రౌటరును ఎంత ఎత్తులో పెడితే అంత మంచిదని అంగడి మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టింది గుర్తొచ్చింది. చెప్పులు విప్పాడు.

టీవీ పక్కన ఉన్న రౌటరు డబ్బాను తీసి, నడిమి గదిలో బీరువా మీద పెట్టాలన్నది ఆలోచన. డబ్బా వచ్చింది. దాని వెనక నుంచి గోడలోకి పోయే సన్నని పసుపు తీగ మాత్రం రానని మొరాయించింది. కొంచెం లాగాడు. ఇంకొంచెం లాగాడు. తీగ బిగుసుకుని, డబ్బా దగ్గర మెడ విరిచినట్టు వంగింది. పచ్చగా వెలుగుతున్న లైటు ఎర్రబడి, కన్ను కొట్టడం మొదలుపెట్టింది.

"ఏమిరా, సీరియల్ నిలబడిపోయింది?" అని హాల్లోంచి అతని తల్లి వెంకటలక్ష్మమ్మ అరిచింది. "ఆ పిల్ల ఇప్పుడే నోరు తెరిచిండ్య. ఇంక మూయలే."

"ఒక నిమిషం మా. స్పీడు పెంచుతాండా."

"బాగున్నేదాన్ని ఎందుకురా కదిలిచ్చేది?"

ఇలాంటి ప్రశ్నలకు మునిరత్నం ఏనాడూ జవాబు చెప్పలేదు. స్విచ్చి ఆపి, మళ్లీ వేశాడు. ఎర్ర లైటు. కంపెనీ నంబరుకు ఫోన్ చేశాడు. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని ఒక అమ్మాయి తీయగా చెప్పి, వీణ వాయించి వెళ్లిపోయింది. ఆ వీణ వింటూ డబ్బాను తిరగేసి చూస్తే చిన్న బెజ్జం కనబడింది. బెజ్జం ఉన్నదంటే అందులో ఏదో దూర్చడానికే గదా. తల్లి గొలుసుకున్న పిన్నీసు అడిగి తీసుకుని లోపలికి గట్టిగా నొక్కాడు. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయి, తీరిగ్గా మళ్లీ వెలిగాయి. ఎర్ర లైటు ఎర్రగానే ఉంది. కొత్తగా జరిగిందేమిటంటే, ఇంటి వైఫైకి తను పెట్టుకున్న పేరు పోయి, లారీ నంబరులాంటిదేదో వచ్చింది. దాని పాస్‌వర్డు ఏమిటో దేవుడికి తెలియాలి. నిమిషం క్రితం ఒకటే తప్పు ఉండింది. ఇప్పుడు రెండు.

నాగశ్రీ ఇస్త్రీ చీరలో తయారై వచ్చింది. ల్యాప్‌టాప్ చూసింది. భర్తను చూసింది.

"నెట్టు యాడ పోయింది?"

"కంపెనీ లైన్లోనే తప్పంట. మన ఒక్కరికే కాదు, వీధంతా పోయింది" అన్నాడు మునిరత్నం, క్యాలెండరు వైపు చూస్తూ.

నాగశ్రీ తలెత్తి బీరువా మీదికి చూసింది. "రౌటరు ఆడికెట్ల పోయింది?"

"గాలి తగులుతాదని."

ఆమె ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, "మహాదేవమ్మక్క ఇంటికి పోతాండా" అని చెప్పి, పక్కింటికి నడిచింది. మునిరత్నం గుమ్మం దాకా వెంట పోయి ఆగాడు. మహాదేవమ్మ ఇంట్లో నెట్టు చక్కగా వస్తూ ఉంటుంది. వీధంతా పోయిందన్న మాట రెండు నిమిషాల్లో తేలిపోతుంది. నాగశ్రీ తిరిగొచ్చి నాలుగు మాటలంటే బాగుండేది. రాలేదు. అంటే అక్కడే కూర్చుని ఇంటర్వ్యూ మొదలుపెట్టిందన్నమాట. ఆమె తిరిగొచ్చేలోగా నెట్టు రప్పించి, డబ్బాను పాత చోట పెట్టి, అమాయకంగా పేపరు చదువుతూ కనబడాలి.

మిద్దె ఎక్కాడు. తీగ కింద బిగుసుకుంది గనుక పైనుంచి కొంచెం వదులు ఇస్తే సరిపోతుందని అతని లెక్క. నీళ్ల ట్యాంకు పక్కన, ఇనుప పైపుకు టిఫిన్ క్యారియరంత నల్ల డబ్బా ఒకటి కట్టి ఉంది. దానిలోకి నాలుగు దిక్కుల నుంచీ తీగలు వచ్చి దూరుతున్నాయి. పక్కన మహాదేవమ్మ మిద్దె మీద దండెం నిండా చీరలు ఆరేసి ఉన్నాయి. ట్యాంకులోకి నీళ్లు పడుతున్న హోరులో మనిషి అలికిడేదీ వినబడలేదు. మునిరత్నం తన ఇంటిదని నమ్మిన తీగను పట్టుకుని లాగాడు. రాలేదు. లుంగీ ఎగ్గట్టి, ట్యాంకు దిమ్మె మీదికెక్కి, పైపుకు కాలు ఆనించి, రెండు చేతులా గుంజాడు.

ఈసారి వచ్చింది. తీగతో పాటు నల్ల డబ్బా కూడా వచ్చింది. అది నేల మీద పడి, మూత ఊడి, లోపలున్న రంగురంగుల సన్న తీగలన్నీ ఉడికిన సేమ్యాలా బయటికొచ్చాయి.

మునిరత్నం వాటిని దోసిలితో లోపలికి తొయ్యడానికి చూశాడు. ఇంతలో కింద వీధిలో మొదట ఒక గొంతు, తర్వాత నాలుగు, ఆ తర్వాత లెక్కలేనన్ని లేచాయి. అతను సేమ్యాను అక్కడే వదిలి, కిందికి పరుగెత్తాడు.

ఎదురింట్లో నెట్ సెంటరు నడిపే హనుమన్న రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అతని వెనక ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టడానికి వచ్చినవాళ్లంతా నిలబడి ఉన్నారు.

"మునిరత్నమన్నా, మీకూ పోయిందా నెట్టు?"

"మాకు పొద్దున్నే పోయింది."

"అట్లయితే కంపెనీకి చెప్పినారా?"

"ఫోన్ మీద ఫోన్ చేస్తానే ఉండా. వీణ వాయిస్తాండారు."

రెండూ నిజాలే. రెండు నిజాలు కలిసి ఇంత పెద్ద అబద్ధం కాగలవని మునిరత్నానికి అంతవరకూ తెలియదు. పైగా వీధంతా పోయిందని భార్యకు చెప్పిన మాట ఇప్పుడు అక్షరాలా నిజమైంది. ఆ ఊరట కాసేపు కూడా నిలవలేదు. పుల్లన్న వచ్చాడు. వార్డు ఎన్నికల్లో ఓడిపోయిన నాటి నుంచి ఆయన ఏదైనా సమస్య దొరుకుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

"ఏందప్పా ఈ అన్యాయం! పాండి, నెట్టు ఇచ్చే కేబుల్ ఆఫీసు ముందర కూర్చుందాం. మునిరత్నం, నువ్వు ముందర నడువు. అందరికంటే ముందు నష్టపోయినోడివి నువ్వే."

"నాకు అంగడి ఉండాదన్నా..."

"జనం కంటే అంగడి ఎక్కువనా?"

ఎవరో అతని భుజాన తువ్వాలు వేశారు. వీధి కదిలింది. హనుమన్న ముందు వరసలో చెయ్యెత్తి "నెట్టు!" అని అరిస్తే, వెనక జనం "ఇయ్యాల!" అని అందుకున్నారు. బస్టాండు దాటేటప్పుడు మునిరత్నం తన అంగడిని చూశాడు. మూసి ఉన్న షట్టరు అతనికి చాలా ప్రశాంతంగా కనబడింది. కేబుల్ ఆఫీసు ముందు అతన్ని మెట్టెక్కించి మాట్లాడమన్నారు. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు. చప్పట్లు వినబడేసరికి మునిరత్నం ఒళ్లు మరిచిపోయాడు.

"ఈ పని చేసినోడు ఎవడైనా సరే, వదిలిపెట్టేది లేదు!" అన్నాడు. జనం ఈలలు వేశారు. మెట్టు దిగుతున్నప్పుడు గానీ తను ఎవరిని వదిలిపెట్టనన్నాడో అతనికి అర్థం కాలేదు.

ఆఫీసులో లైన్లు బాగుచేసే హెన్రీ ఒక్కడే ఉన్నాడు. తాగుతున్న టీ పక్కన పెట్టి, కంప్యూటర్లో ఏదో చూసి వచ్చాడు. "ఈడ అంతా బాగుండాదన్నా. మీ వీధిలోనే యాడో తెగింది. పాండి, లైను పట్టుకొని పోయి చూద్దాం."

లైను పట్టుకుని అందరూ మళ్లీ వీధికి వచ్చారు. లైను హనుమన్న ఇల్లు దాటింది, కరెంటు స్తంభం దాటింది, తిన్నగా మునిరత్నం మిద్దె మీదికి పోయింది. జనమంతా తువ్వాళ్లతో, కేకలతో ఇంట్లోకి జొరబడడం చూసి వెంకటలక్ష్మమ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది.

"దేంట్లో గెలిచినావురా నాయనా?" అంది సంతోషంగా.

మిద్దె మీద హెన్రీ వంగి, ఊడిపడిన డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. "ఇది దానంతట అది పడలే. ఎవరో పీకినారు."

"నీ మిద్దె మీదికి ఎవరొస్తారప్పా?" అన్నాడు పుల్లన్న. అందరి ముఖాలూ ఒక్కసారి మునిరత్నం వైపు తిరిగాయి.

అతను ఆలోచించేలోపే నోరు పలికింది. "కోతి."

పుల్లన్న తలెత్తి ట్యాంకు పైకి చూశాడు. తర్వాత హనుమన్న, "అవునప్పా, మొన్న మా జామకాయలన్నీ పెరుక్కపోయింది" అన్నాడు. ఇంకొకాయన వడియాలు పోయిన సంగతి చెప్పాడు. ఒక్కొక్కరూ ఒక్కో కోతిని తెచ్చారు. మునిరత్నం ఊపిరి పీల్చుకున్నాడు. కానీ హెన్రీ డబ్బా చూస్తూనే ఉన్నాడు.

"కోతి ఇంత గట్టిగా గుంజదన్నా. కాలు ఆనిచ్చి పీకినట్టుండాది."

అప్పుడు పక్క మిద్దె మీద దండెం కదిలింది. రెండు చీరల మధ్య నుంచి నాగశ్రీ బయటికి వచ్చింది. చేతిలో ల్యాప్‌టాప్, మెడలో హెడ్‌ఫోన్లు, ఆమె వెనక నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. మునిరత్నానికి జనం కనబడలేదు, పుల్లన్న కనబడలేదు. ఆ కుర్చీయే కనబడింది. ఆమె కూర్చున్నది మహాదేవమ్మ ఇంట్లో కాదు, ఇక్కడ. ఆమెకు వచ్చిన ఒక్క పిలుపునూ పైపుకు కాలు ఆనించి పీకేసింది తనే. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"కోతే హెన్రీ" అంది నాగశ్రీ. "నేను చూసినా. శానా పెద్దది."

"మీద పడలేదు గదా తల్లీ?" అన్నాడు పుల్లన్న.

"లేదన్నా. దాని పాటికది పీక్కోని, కిందికి దిగిపోయింది."

ఆడమనిషి కళ్లారా చూశానన్నాక ఇంకేముంది. కోతుల మీద వేరే రోజు ధర్నా చేద్దామని పుల్లన్న ప్రకటించాడు. హెన్రీ తీగలు అతికించి, కింద బీరువా మీద ఉన్న డబ్బాను చూసి, ఏమీ అడగకుండా దాన్ని కూడా సరిచేసి వెళ్లిపోయాడు. హాల్లో సీరియల్ పిల్ల ఎట్టకేలకు నోరు మూసింది.

వంటింట్లో మునిరత్నం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నీ ఇంటర్వ్యూ..." అన్నాడు.

"మహాదేవమ్మక్క ఇంట్లో చుట్టాలొచ్చినారు, గోలగా ఉండ్య. అందుకే వాళ్ల వైఫైతోనే మిద్దె మీద కూర్చున్యా" అని నాగశ్రీ ఉగ్గాని వేడి చేస్తూ చెప్పింది. పొద్దున్నుంచీ ఆమె ఏమీ తినలేదు. "అంతా బాగా జరుగుతాండ్య. కోపంగా ఉండే కస్టమరుతో ఎట్ల మాట్లాడతావని అడిగినారు. చెప్తాండా. అంతలో ఇంటర్వ్యూ చేసే పెద్దాయన, 'అమ్మా, మీ వెనకాల ఎవరో పైపు ఎక్కుతున్నారు' అన్నాడు. తిరిగి చూస్తే చీరల పైన మీ తల. మళ్లీ ఇటు తిరిగేసరికి నెట్టు పోయింది."

మునిరత్నం కళ్లు మూసుకున్నాడు.

"ఫోన్ నెట్టుతో మళ్లీ కలిసినా. ఏమైందమ్మా అన్నారు. లైను తెగింది సార్, కస్టమరు సొంతంగా రిపేరు చేసుకుంటాండాడు, అన్యా. ఆయన మీకు తెలుసా అన్నారు. ఇరవై ఏండ్ల నుంచి తెలుసు సార్, అన్యా."

"వాళ్లేమన్నారు?"

"శానాసేపు నవ్వినారు. ఇంక ప్రశ్నలేమీ లేవమ్మా, ఒకటో తేదీ నుంచి చేరండి అన్నారు."

మునిరత్నం ముఖం మెల్లమెల్లగా విచ్చుకుంది. గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు. "అంటే, ఒక రకంగా నా వల్లనే..."

నాగశ్రీ గరిటె ఆపి, అతని వైపు చూసింది. మునిరత్నం చెప్పులేసుకున్నాడు.

ఇప్పుడు ఆ వీధిలో కోతి కనబడితే అందరికంటే ముందు కట్టె పట్టుకుని పరుగెత్తేది మునిరత్నమే.