పాతికేళ్ళ దాల్చినచెక్క

ఆ ఉదయం ప్రాగ్‌లో నిద్రలేస్తూ ఆస్గర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నోరు మూసుకుని ఫలహారం చేయాలి. యాత్రకొచ్చిన తోటి విద్యార్థులందరితోపాటు వియన్నా రైలెక్కాలి. సాయంత్రం నాన్న దగ్గర అడిగి తెచ్చుకున్న బూడిదరంగు సూటు తొడుక్కుని సిసెల్‌ను కచేరీకి తీసుకెళ్ళాలి. కచేరీ అయ్యాక ఆమెతో ఒక్క మాట చెప్పాలి. మర్నాడు పొద్దున్నే సిసెల్ ఈ గుంపును వదిలి ఉత్తరానికి పోయే రైలెక్కుతుంది. గ్రీన్‌లాండ్ వైపు వెళ్ళే పరిశోధన ఓడలో ఆమెకు ఏడాది ఉద్యోగం. ఆరు నెలలు తరగతిలో పక్క కుర్చీలో కూర్చుని చెప్పలేని మాటను ఈ సాయంత్రం కూడా చెప్పకపోతే, ఇక చేపలకు చెప్పి పంపించాల్సిందే.

పథకానికి అడ్డం ఒక్కటే. ఆ రోజు ఆస్గర్‌కు పాతికేళ్ళు నిండుతున్నాయి, పెళ్ళి కాలేదు.

పాతికేళ్ళు నిండేనాటికి పెళ్ళి కానివాణ్ణి స్తంభానికి కట్టేసి, నెత్తిమీంచి దాల్చినచెక్క పొడి కుమ్మరించడం డెన్మార్కులో ఆచారం. ఎందుకు కుమ్మరిస్తారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. కుమ్మరించడం మాత్రం మానరు. ఆ పొడి చెవుల్లోకీ, ముక్కులోకీ, చొక్కా లోపలికీ దిగుతుంది. ఎన్నిసార్లు స్నానం చేసినా వాసన వారం దాకా వదలదు. రొట్టెల కొట్టులా గుబాళిస్తూ ప్రేమ మాట చెప్పే ధైర్యం ఆస్గర్‌కు లేదు. ఆ మాటకొస్తే మామూలు వాసనతోనే లేదు.

సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న కళాశాల నుంచి వీళ్ళంతా బయల్దేరారు. విద్యార్థులు పదిహేను మంది, వాళ్ళ వెంట పంతులమ్మ విబెకె. హాంబర్గ్ చూశారు, డ్రెస్డెన్ చూశారు. డ్రెస్డెన్ సంతలో మిగతావాళ్ళు గంటల గోపురం ఫొటోలు తీసుకుంటుంటే నలుగురు మాత్రం దాల్చినచెక్క పొడి బేరమాడి పెద్ద సంచీడు కొన్నారు. దాన్ని దాచే బాధ్యత ఆస్గర్ గదిలోనే పడుకునే మాల్తెకు అప్పజెప్పారు. ఆస్గర్‌కు సంగతి తెలియనే తెలిసింది. గది గదంతా ఘుమఘుమలాడుతుంటే తెలియకేం చేస్తుంది?

"ఒరేయ్ మాల్తె, ఈ ఒక్క రోజు నన్ను కాపాడరా. ఎందుకని మాత్రం అడక్కు," అని బతిమాలాడు ఆస్గర్.

"నేను చూసుకుంటాగా!" అన్నాడు మాల్తె.

నేను చూసుకుంటానన్న మనిషిని నమ్మి బాగుపడ్డవాడు నాకింతవరకు కనబడలేదు.

ఆస్గర్ స్నానానికి వెళ్ళగానే మాల్తె కిందికి దిగాడు. భోజనాల గదిలో బల్లంతా బుల్లి బుల్లి డెన్మార్కు జెండాలు గుచ్చి ఉన్నాయి. పుట్టినరోజంటే జెండా లేకుండా వాళ్ళకు కాఫీ కూడా దిగదు. బల్ల చివర సిసెల్ కొత్త తాడు పట్టుకుని ముడి బిగువు చూస్తోంది. ఓడ ఉద్యోగం కోసం నేర్చుకున్న ముడులన్నీ ఆ వేళ పనికొచ్చేటట్టున్నాయి.

"పొడేదిరా?" అంది.

"పొడి వద్దు."

"ఎందుకొద్దు?"

జవాబు లేనప్పుడు ఊరుకోవడం మర్యాద. కానీ పద్నాలుగు మంది తనవైపే చూస్తుంటే మాల్తె నోరు దానంతటదే తెరుచుకుంది. "ఎందుకంటే... వాడికి పెళ్ళయిపోయింది!"

సిసెల్ చేతిలో తాడు జారిపోయింది. "ఎవరితో?"

"అదే... వాళ్ళ ఊరి అమ్మాయి. గుట్టుగా చేసేసుకున్నారు. మీరు అడక్కండి, వాడికి సిగ్గు."

సరిగ్గా అప్పుడే ఆస్గర్ తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఎవరి చేతిలోనూ తాడు లేదు. పొడీ లేదు. అందరూ లేచి శుభాకాంక్షలంటూ చేతులు నలిపేస్తున్నారు. మాల్తె ఎంత ఘనుడు అనుకుని పొంగిపోయాడు.

విబెకె అతని రెండు బుగ్గలూ పట్టుకుంది. "అంత పెద్ద సంగతి దాస్తావా? ఆ రోజు ఎలా జరిగిందో చెప్పాల్సిందే."

ఆస్గర్ వాళ్ళమ్మకు ప్రతి పుట్టినరోజునా వాణ్ణి కన్న కథ మొదట్నుంచీ చెప్పడం అలవాటు. విబెకె అడిగింది అదేననుకుని కుర్రవాడు సంతోషంగా అందుకున్నాడు. "చెప్పడానికేముంది? మంచు కురుస్తోంది, దారులన్నీ మూసుకుపోయాయి. మా అమ్మ, ఒక నర్సు, అంతే."

"మీ నాన్న?"

"లోపలికొచ్చాడు గానీ కళ్ళు తిరిగి పడిపోయాడు."

"పాపం, పెద్దాయన తట్టుకోలేకపోయాడన్నమాట," అని విబెకె నిట్టూర్చింది. "అమ్మాయి తరఫువాళ్ళు ఎవరూ రాలేదా?"

"అమ్మాయే వస్తుందనుకున్నారు ముందు," అన్నాడు ఆస్గర్, వెన్న రాసుకుంటూ.

ఈ జవాబు ఎవరికీ అర్థం కాలేదు. పుట్టింటి గొడవలేవో ఉన్నాయనుకుని మర్యాదకు ఎవరూ తవ్వలేదు. సిసెల్ మాత్రం రొట్టె సగంలో వదిలేసి, సామాను సర్దుకోవాలని పైకి వెళ్ళిపోయింది. అమ్మాయి కళ్ళు ఎర్రబడటం ఆస్గర్ చూశాడు. జలుబు చేసిందేమో, పాపం, కచేరీకి వస్తుందో రాదో అని దిగులుపడ్డాడు.

రైలు ప్రాగ్ దాటాక నడవాలో మాల్తె అసలు ముక్క బయటపెట్టాడు.

"నాకు పెళ్ళి చేసేశావురా!"

"రాత్రి దాకా కానివ్వు. పుట్టినరోజు దాటిపోతుంది, పొడి గొడవ వదిలిపోతుంది. రేపు అబద్ధమని చెప్పేద్దాం, నవ్వుకుంటారు."

"రేపటికి సిసెల్ ఉండదురా! ఇవాళ సాయంత్రం ఆమెతో చెబుదామనే కదా ఈ తిప్పలన్నీ!"

మాల్తె మొహం పాలిపోయింది. "సిసెల్‌కా? ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! ఇంకేదైనా రోగం పేరు చెప్పేవాణ్ణి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెళ్ళి కాలేదంటే పొడి, అయిందంటే సిసెల్ లేదు. పొడి పడితే పడనీ, ఆమెకు మాత్రం నిజం చెప్పాలనుకుని ఆస్గర్ ఆమె కూర్చున్న పెట్టెకు వెళ్ళాడు.

"సిసెల్, నీతో ఒక్క మాట."

"మీ ఆవిడతో చెప్పుకో." సిసెల్ పుస్తకంలోంచి తలెత్తలేదు. పుస్తకం తలకిందులుగా ఉంది. "పెళ్ళయినవాడివి నాకు కచేరీ టికెట్టు ఎందుకు కొన్నట్టు? ఆవిడకు పాటలు పడవా?"

"ఆవిడే లేదు!"

"అప్పుడే విడిపోయారా?"

"అసలు పెళ్ళే కాలేదు!"

"అలాగా. అయితే మంచు, నర్సు, కళ్ళు తిరిగి పడిపోయిన మీ నాన్న... ఇవన్నీ ఎవరి పెళ్ళిలో?"

ఆస్గర్ చెప్పబోయాడు. అంతలో విబెకె మిగతా పరివారాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ మంచి మనిషి. ఒక కుర్రవాడు నలుగురి సందడి లేకుండా పెళ్ళి చేసుకున్నాడన్న బాధ ఆవిడకు ఫలహారం దగ్గర్నుంచీ అరగలేదు. డెన్మార్కు పెళ్ళిలో పెళ్ళికొడుకుని స్నేహితులు గాల్లోకి లేపి, బూట్లు ఊడబీకి, మేజోళ్ళ ముందు భాగం కత్తెరతో కోసేయాలి. కొయ్యకపోతే అది పెళ్ళి కింద లెక్క కాదు.

"పట్టుకోండి!" అంది విబెకె.

పట్టుకున్నారు. "నాకు పెళ్ళి కాలేదు!" అని ఆస్గర్ అరిచాడు.

"కత్తెర చూడగానే అందరూ అనేది అదేలే," అన్నాడొకడు. కత్తెరను ఎవరో సిసెల్ చేతికిచ్చారు. ఆమె వద్దనలేదు. మేజోడు కొయ్యడానికి కావలసినదానికన్నా ఎక్కువ బలమే వాడింది. ఆస్గర్ కాలి బొటనవేలు తెగింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డవాడు వేసే కేక వేశాడు.

సరిగ్గా ఆ కేకకు టికెట్ల ఉద్యోగి తలుపు తీశాడు. అతనికి కనబడింది ఇది: ఒక మనిషిని పది మంది గాల్లో పట్టుకున్నారు. వాడు వదలమని అరుస్తున్నాడు. ఏడ్చిన కళ్ళతో ఒక అమ్మాయి చేత కత్తెర పట్టుకుని నిలబడింది. వాడి కాలి నుంచి రక్తం. ఒక పెద్దావిడ చప్పట్లు కొడుతోంది. ఆ ఉద్యోగి మెల్లగా తలుపు మూసి, వియన్నాకు కబురు చేశాడు.

వియన్నా స్టేషన్‌లో పోలీసులు వాళ్ళకోసమే ఎదురుచూస్తున్నారు. సామాను సోదా చేస్తుంటే మాల్తె సంచీ దగ్గర పోలీసు కుక్క ఆగింది, వాసన చూసింది, వరసగా తుమ్మడం మొదలుపెట్టింది. సంచీలోంచి గోధుమరంగు పొడి బయటపడింది. అందరినీ తీసుకెళ్ళి ఒక గదిలో కూర్చోబెట్టారు. బల్ల వెనక ప్రొహాస్కా అనే అధికారి ఉన్నాడు. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. ఇంగ్లీషు నిదానంగా, పదం పదం తూచి మాట్లాడతాడు.

"ఇతని మేజోళ్ళు ఎందుకు కోశారు?"

"పెళ్ళయింది కాబట్టి," అంది విబెకె.

ప్రొహాస్కా రాసుకున్నాడు. "ఈ పొడి దేనికి?"

"పెళ్ళి కాకపోతే నెత్తిన పొయ్యడానికి. ముందు స్తంభానికి కట్టేసి."

ప్రొహాస్కా రాయడం ఆపాడు. "అంటే పెళ్ళయినా కాకపోయినా మీరు ఇతన్ని వదలరు."

"అది ఆచారమండీ."

ఆయన కలం బల్లమీద పెట్టి ఆస్గర్ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీకు పెళ్ళయిందా, కాలేదా?"

బల్లమీద సంచీడు పొడి. ఎదురుగా సిసెల్. వాళ్ళందరి మొహాలూ అతనిమీదే ఉన్నాయి.

"కాలేదు," అన్నాడు ఆస్గర్. "నేను అబద్ధం ఆడలేదు, మాల్తె ఆడాడు. పొద్దున్న నాకా సంగతే తెలియక ఊరుకున్నాను..."

"ఊరుకోలేదు, నర్సు గురించి కూడా చెప్పావు," అంది సిసెల్.

"ఏ నర్సు?" అన్నాడు ప్రొహాస్కా.

ఎవరు చెప్పినా వినేటట్టు లేరు కాబట్టి ఇంటికి ఫోన్ చేద్దామన్నాడు అధికారి. అందరూ వినేలా ఫోన్ బల్లమీద పెట్టాడు. అవతల ఆస్గర్ వాళ్ళమ్మ ఎత్తింది.

"అమ్మా, వియన్నా పోలీసులం. మీ అబ్బాయికి పెళ్ళయిందా?"

"అయిందా!" అని ఆవిడ కేక పెట్టింది. "ఎప్పుడు? ఎవరితో?"

"అది మేము మిమ్మల్ని అడుగుతున్నాం."

"నాకు చెప్పకుండానా! ఏమండీ, ఇలా రండి, మీ కొడుకు పెళ్ళి చేసుకున్నాడట, పోలీసులు చెబుతున్నారు!"

అవతల తండ్రి గొంతు నింపాదిగా వినిపించింది. "పోలీసులు పెళ్ళిళ్ళు కూడా చేస్తున్నారా ఆ దేశంలో?"

"అమ్మా, నేనే, నాకేం పెళ్ళి కాలేదు!" అన్నాడు ఆస్గర్ ఫోన్ మీదికి వంగి.

తల్లి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. భయం పోయాక ఆవిడకు కోపం వచ్చింది. "నేనూ అదే అనుకున్నాను. ఆఫీసరు గారూ, వాడికి పెళ్ళా! ఆరు నెలలుగా ఎవరో సిసెల్, సిసెల్ అని ఫోన్ చేసినప్పుడల్లా నా చెవులు తినేస్తున్నాడు. సిసెల్ నవ్వింది, సిసెల్ ముడి వేసింది, సిసెల్‌కు చేప నచ్చలేదు! ఆ పిల్లతో ఒక్క మాట అనడం చేతకాదు, వీడు పెళ్ళి చేసుకున్నాడట!"

ప్రొహాస్కా మళ్ళీ కలం తీశాడు. "సిసెల్ అంటే ఎవరు?"

పద్నాలుగు చేతులు ఒకవైపే చూపించాయి. ఆస్గర్‌కు ఆ క్షణాన బల్ల కింద దూరాలనిపించింది. అన్నాళ్ళుగా కూడబెట్టుకున్న మాటను తల్లి ఒక పోలీసు ఫోన్‌లో, చేపతో సహా, పదిమంది ముందు ఒలకబోసింది. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

సిసెల్ లేచి అధికారి దగ్గరికి వెళ్ళింది.

"అయితే ఇతనికి పెళ్ళి కాలేదనే కదా తేలింది?"

"అలాగే కనబడుతోంది."

"పాతిక కూడా నిండింది. ఆ సంచీ మాకిచ్చేస్తారా?"

ప్రొహాస్కా పొడిని వేలికి అద్దుకుని నాకి చూశాడు. ఇంట్లో ఆపిల్ రొట్టెలో వేసేదే. "స్టేషన్ ఆవరణలో కుదరదు," అన్నాడు. "బయట నేలమీద తెల్లగీత ఉంటుంది. గీత దాటాక దీపస్తంభం ఉంది. అది నా పరిధిలోకి రాదు."

అలా ఆస్గర్‌ను గీత దాటించారు. ముడి సిసెల్ వేసింది. అందరూ తలా గుప్పెడు పోశారు. విబెకె రెండు గుప్పెళ్ళు పోసింది, పెళ్ళి పేరుతో తనను ఏడిపించినందుకు. కళ్ళు తప్ప ఇంకేమీ కనబడనంతగా పొడిలో మునిగాక, సంచీ అడుగున మిగిలినదాన్ని పట్టుకుని సిసెల్ ఎదురుగా నిలబడింది. మిగతావాళ్ళు, బుద్ధి ఉన్నవాళ్ళు కాబట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళారు.

"ఇప్పుడు చెప్పు, ఆ మాటేదో. పొద్దున్నుంచీ నన్ను ఏడిపించావు."

ఆస్గర్ నోరు తెరిచాడు. నోట్లోంచి గోధుమరంగు మబ్బు వచ్చింది, మాట రాలేదు.

"సరే, నేనే చెబుతా," అంది సిసెల్. "మూడు వారాల్లో నాకూ పాతిక నిండుతుంది. ఓడలో అందరూ మనవాళ్ళే, స్తంభాలకూ తక్కువ లేదు. మంచినీళ్ళ స్నానం మాత్రం వారానికి ఒకసారేనట. ఆ పొడితో వారం రోజులు నేనుండలేను."

"అంటే?" అన్నాడు ఆస్గర్.

"అంటే ఏమిట్రా మొద్దూ, పొడి బుర్రలోకి కూడా వెళ్ళిందా? రేపటి రైలుకు ఇంకో టికెట్టు కొని, ఓడ ఎక్కేలోగా నన్ను పెళ్ళి చేసుకుంటావా, లేక ఇది కూడా పొయ్యమంటావా?" అని సంచీ అతని తలమీదికి ఎత్తింది.

ఆస్గర్ గట్టిగా తల ఊపాడు, వెంటనే తుమ్మాడు.

"అది అవునా, తుమ్మా?"

"రెండూ," అన్నాడు.

కట్టేసి, బెదిరించి పెళ్ళికి ఒప్పించడం నేరమేనని గీత ఇవతల నిలబడి చూస్తున్న ప్రొహాస్కా తన పక్కనున్నవాడితో అన్నాడు గానీ, ఫిర్యాదు ఇవ్వడానికి ఎవరూ రాలేదు.