సరళ మేడం దస్తూరి

ఆ శుక్రవారం పొద్దున సరళ మేడం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ప్రమోషన్ ఫైలుకు దారం కట్టడం, సాయంత్రం ఐదు లోపల క్లర్కు హన్మంత్ బల్ల మీద పెట్టడం, ఇంటికొచ్చి చాయ్ తాగడం. మహబూబాబాద్ డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్న మనిషి. మిర్చి ఆకుముడత మీద మూడు పరిశోధన వ్యాసాలు అచ్చయ్యాయి. ఈసారి తప్పితే మళ్లీ నాలుగేళ్ల దాకా పిలుపు ఉండదు.

ఫైల్లో ఒక్క గడే ఖాళీగా ఉంది. “పరిశోధన రంగానికి చేసిన సేవ, రుజువులు.”

సరళకు నవ్వొచ్చింది. సేవకేం కరువు? తొమ్మిది సదస్సులు దగ్గరుండి జరిపించింది. ముక్కూమొహం తెలియని వాళ్ల వ్యాసాలు ఉత్తపుణ్యానికి చదివి, తప్పులు దిద్ది పంపింది. బీరువా తెరిచి అరగంట వెతికితే ఒక్క సర్టిఫికెట్ కూడా దొరకలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ సర్టిఫికెట్లన్నీ రాసింది తనే! “నీ దస్తూరి ముత్యాల లెక్క ఉంటదమ్మా, నువ్వే రాయి” అని అందరూ అంటే వంచిన తల ఎత్తకుండా రాసింది. ఉపన్యాసం ఇచ్చినవాళ్లకు రాసింది, ఉపన్యాసంలో నిద్రపోయినవాళ్లకు రాసింది, చివరికి చాయ్ పోసిన ఐలేశ్‌కూ రాసింది. ఆయన దాన్ని లామినేషన్ చేయించి హోటల్లో గోడకు వేలాడదీశాడు. తనకు రాసుకోవడం మాత్రం మరిచిపోయింది.

ఆ తొమ్మిది సదస్సులకూ పెద్దగా ఉన్న సోమనర్సయ్య సారు రిటైరై జనగామలో ఉంటున్నాడు. ఫోన్ చేస్తే, “గదెంత పని బిడ్డా, రా, సంతకం పెడ్త” అన్నాడు.

దొరికిన రైలెక్కి జనగామలో దిగింది. సారు పాత ట్రంకుపెట్టె లోంచి తొమ్మిది ఖాళీ సర్టిఫికెట్లు తీశాడు.

“నా చేతులు వణుకుతున్నయ్ బిడ్డా. పేరు నువ్వే రాస్కో. కింద నేను గీకుత.”

సరళ తన పేరు తొమ్మిదిసార్లు రాసుకుంది. తన వడ్డన తనే చేసుకుంటున్నట్టు సిగ్గేసింది. లేచి వస్తుంటే సారు ఒక కట్ట చేతిలో పెట్టాడు. “నా మనుమరాలి థీసిస్. రైల్ల ఉత్తగనే కూసుంటవ్ గద, జర తప్పులు సూడు.” కేసముద్రం దాటేదాకా చూస్తూనే ఉంది.

నాలుగున్నరకు హన్మంత్ ఫైలు తెరిచాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“మేడం, గివి మీరే రాస్కున్నరా?”

“అవునన్నా. సంతకం మాత్రం సార్‌దే.”

అబద్ధం ఆడటం రానివాళ్లతో వచ్చే చిక్కే ఇది. అసలు సర్టిఫికెట్ ఎట్లా ఉంటుందో చూద్దామని హన్మంత్ పక్క ఫైలు విప్పాడు. అదే దస్తూరి. ఇంకోటి విప్పాడు, అదే. తనిఖీ కోసం చుట్టుపక్కల జిల్లాల నుంచి ఈ కాలేజీకే వచ్చిన పదకొండు ఫైళ్లలోనూ అదే.

“ఓర్నాయినో! అన్నీ ఒక్క చెయ్యే! అంత బోగసే!” అంటూ అన్నింటినీ మూటగట్టి, ఆ తనిఖీకి యూనివర్సిటీ నుంచి వచ్చిన రాణి మేడం గదిలోకి మోసుకుపోయాడు.

పది నిమిషాల్లో ఆ పదకొండు మందిలో ఒకడైన భూపాలపల్లి లెక్చరర్ ధర్మేందర్ ఫోన్. “అక్కా, ఏం జేసినవక్కా! మా అందరి ఫైళ్లు ఆగినయట! నీ సర్టిఫికెట్ నువ్వు రాస్కునుడేంది?”

“నీది నేను రాసినప్పుడు మంచిగనే ఉండె గద తమ్మీ” అంది సరళ. ఫోన్ పెట్టేశాక మాత్రం రాణి మేడం గదికి పరుగెత్తింది. తన ప్రమోషన్ పోతే పోయింది, పదకొండు మంది ఉసురు తగులుతుందని భయపడింది.

రాణి మేడం బల్ల నిండా సర్టిఫికెట్లు పరిచి ఉన్నాయి. “ఇవన్నీ మీరే రాసిండ్రా?”

“రాసిన మేడం.”

“వీళ్లు నిజంగ వచ్చిండ్రా?”

“వచ్చిండ్రు. ధర్మేందర్ వానల తడుసుకుంట వచ్చి పసుపు దుంపకుళ్లు మీద చదివిండు. ఈమె చంటిపిల్లను నాకిచ్చి స్టేజీ ఎక్కింది. ఈ సారు రెండు రోజులు భోజనం టైముకే వచ్చిండు. రాయనంటే అలిగిండు, రాసిన.”

రాణి మేడం సర్టిఫికెట్లన్నీ ఒక కట్టగా సర్దింది. “ఎవరొచ్చిండ్రో, ఎవరేం చదివిండ్రో తెలిసిన మనిషి మీరొక్కరే. ఈ పదకొండు మందికి రుజువు ఈ కాగితాలు. ఈ కాగితాలకు రుజువు మీరు. ఇంక మీకెవరు రుజువమ్మా?” అని, సరళ ఫైల్లోని ఆ ఖాళీ గడిలో తనే రాసింది: “రుజువులకు మిగతా పదకొండు ఫైళ్లు చూడవలెను.” కింద సంతకం చేసి ముద్ర కొట్టింది.

సరళకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పద్నాలుగేళ్లలో ఆ పనికి ఒక లెక్క ఉందని చెప్పిన మొదటి మనిషి ఆమె.

“ఇంకొక మాట,” అంది రాణి మేడం గొంతు తగ్గించి, సంచిలోంచి ఖాళీ సర్టిఫికెట్ల కట్ట తీస్తూ. “వచ్చే నెల మా దగ్గర గూడ సదస్సున్నది. రెండొందల సర్టిఫికెట్లు. మీ దస్తూరి మంచిగున్నది గద...”

సరళ కళ్లు తుడుచుకుని, పెన్ను మూత తీసి, అన్నిటికన్నా పైనున్న కాగితం మీద ముందుగా తన పేరు రాసుకుంది.

సదస్సు జరగడానికి ఇంకా నెల ఉంది.