మూడు చెప్పుల సందు నామచరిత్ర

మూడు చెప్పుల సందుకు ఆ పేరు చెప్పుల వల్ల రాలేదని శాస్త్రీయంగా రుజువైంది. ప్రజలు నిశ్చింతగా ఉండవచ్చు.

ఆ పేరుతో సందులోని వాళ్ళు పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. చిరునామా చెప్పగానే అవతలివాళ్ళు ముందు తమ కాళ్ళవైపు చూసుకునేవారు. దంతవైద్యుడు తన బోర్డు మీద "పెద్ద గడియారం వెనుక" అని రాయించుకున్నాడు. ఆ గడియారం ఊరికి ఆ చివర ఉంది. ఇలా ఉండగా నగరపాలక కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. చరిత్ర లేని పేర్లన్నీ తీసేసి వీధులకు అంకెలు వేస్తారట. చరిత్ర ఉన్నవాళ్ళు వెంటనే నిరూపించుకోవాలట.

అదృష్టవశాత్తూ ఆ సందులోనే ఒక భాషాశాస్త్ర పండితుడు కాపురముంటున్నాడు. పేర్ల పుట్టుక మీద ఆయన కృషి అసామాన్యం. దారిన పోయేవాడికి కూడా అర్థమయ్యే పేరు అసలు పేరు కాదనీ, అది చెడిపోయిన రూపమనీ, చెడకముందు ఎలా ఉండేదో కనిపెట్టడమే పండితుల పని అనీ ఆయన సిద్ధాంతం. ఈ పద్ధతిలోనే ఆయన ఇదివరకు తమ పాలవాడి ముద్దుపేరు ఒకనాటి సేనాపతి బిరుదని తేల్చాడు. అప్పటినుంచి పాలవాడు ఆలస్యంగా వస్తున్నాడు.

సందు సంక్షేమ సంఘాధ్యక్షుడు స్వయంగా వచ్చి పరిశోధన బాధ్యతను పండితుడికి అప్పగించాడు. అధ్యక్షుడు మల్లెపువ్వులాంటి బట్టలు కట్టే పెద్దమనిషి. ఆయన నుదుటి కుడివైపున చిన్న సొట్ట ఉంది. అది యౌవనంలో ప్రజాసేవ చేస్తుండగా పడిందని ఆయనే పలు సభల్లో సెలవిచ్చాడు.

పరిశోధన ఇంట్లోనే మొదలైంది. పండితుడి పెద్దమ్మ ఆ సందులోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ బట్టలు మడతపెడుతూ సంగతంతా చెప్పేసింది.

"దీనికి పరిశోధన దేనికిరా? మూలమీద ఒకడు నిలబడి వచ్చేపోయే ఆడపిల్లలందర్నీ చూసి ఈల వేసేవాడు. ఒకరోజు ఒళ్ళు మండి చెప్పు తీసి విసిరా. తగల్లేదు. రెండోదీ విసిరా. అదీ తగల్లేదు. పక్కింటి వదిన తన చెప్పు తీసి, 'ఇంద, దీంతో కొట్టు' అంది. అది తగిలింది. సరిగ్గా నుదుటిమీద."

"ఎవరు పెద్దమ్మా వాడు?"

"ఇంకెవడు? మీ అధ్యక్షుడే!"

పండితుడు జాలిగా నవ్వాడు. "ఇందులో అర్థం కానిది ఒక్క ముక్కా లేదు. ఇది చరిత్ర ఎలా అవుతుంది పెద్దమ్మా? పైగా నువ్వు మా బంధువువి."

"ఇన్నేళ్ళు బతికాను. నా గుర్తుగా మిగిలింది ఆ పేరొక్కటేరా. దాన్ని చెరిపెయ్యకు నాయనా" అంది పెద్దమ్మ. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుపు ఆధారాల కిందికి రాదు గనుక పండితుడు దాన్ని నమోదు చేయలేదు.

గ్రంథం పూర్తయింది. మాట్లాడేవారు గానీ లిపి గానీ మిగలని ఒక ప్రాచీన భాషను పండితుడు వెలికితీశాడు. కాదనడానికి కూడా ఎవరూ మిగలలేదు. ఆ భాషలో ఈ సందు అసలు పేరు "మహామూర్ధచర్పణ వీథి" అట. మహనీయుల శిరస్సులకు సత్కారం జరిగిన వీథి అని అర్థమట. "ఎవరికీ అర్థం కానందున ఆమోదించడమైనది" అని కార్యాలయం వెంటనే జవాబిచ్చింది.

కొత్త బోర్డు ఆవిష్కరణ సభకు సందంతా కదిలి వచ్చింది. పెద్దమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టారు. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! యౌవనం నుంచీ ఈ వీథి మూలమీద నిలబడి, వచ్చేపోయే జనాన్ని గమనిస్తూ, దీని సంస్కృతిని అధ్యయనం చేసినవాణ్ణి. స్త్రీలను గౌరవించడం ఈ వీథి నాకు నేర్పిన మొదటి పాఠం..."

పెద్దమ్మ చెప్పు లేచింది. అది కొత్త బోర్డుకు తగిలి కింద పడింది. రెండోది పండితుడి గ్రంథం మీద వాలింది. వయసు మీద పడినా ఆవిడ గురిలో మార్పేమీ రాలేదు. అప్పుడు పక్కనే కూర్చున్న పండితుడి భార్య వంగి తన కాలిది తీసింది.

"ఇంద పెద్దత్తయ్యా, నాది తీసుకో. మడమ ఎత్తుగా ఉంటుంది."

తగిలింది. ఈసారి నుదుటికి ఎడమవైపు. అధ్యక్షుడి ముఖానికి ఇన్నాళ్ళకు సమతూకం వచ్చింది. అనంతరం సభ జయప్రదంగా ముగిసింది.

బోర్డు ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. అయితే మర్నాటినుంచి ఉత్తరాలు పంచేవాడూ, కూరగాయలు అమ్మే ఆవిడా, ఆఖరికి దంతవైద్యుడి రోగులూ ఆ చోటును ఆరు చెప్పుల సందు అంటున్నారు. దారి అడిగినవాళ్ళకు పెద్దమ్మే గుమ్మంలో నిలబడి ఆ పేరు రెండేసి సార్లు చెబుతోంది. ఆవిడ ఆనందం చూడాలి! పండితుడు మాత్రం అధైర్యపడకుండా రెండో సంపుటం మొదలుపెట్టాడు. ఆరు అంటే అందరికీ తెలుసు గనుక అది ఆరు అయి ఉండదని ఆయనకు గట్టి అనుమానం.

మీరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. మీ ఇంటిపేరు ఏ మహారాజు ఇచ్చిన బిరుదో మీ తాతగారు మీకు చెప్పే ఉంటారు. మీ నాయనమ్మను మాత్రం ఎవరూ అడిగి ఉండరు.