సొరుగులో బ్యాడ్జీ

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. నీడలోనే ముప్పై తొమ్మిది డిగ్రీలు, ఆకు కదలని ఉక్క. సరిగ్గా అప్పుడు మంత్రిగారు మా ఊరి ఆసుపత్రి ఇకపై "సున్నా రేడియేషన్ ఆసుపత్రి" అని ప్రకటించారు. మోకాలి ఎక్స్‌రే కోసం వచ్చిన నేనూ చప్పట్లు కొట్టాను.

అక్కడ ఎక్స్‌రేలు తీసేది మా చెల్లెలి కూతురు. ఐదో నెల గర్భిణి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో పట్టి చూపే చిన్న బ్యాడ్జీ ఆమె కోటుకు ఉంటుంది. మూడు నెలలకోసారి ప్రయోగశాల దాన్ని చదివి చెబుతుంది. ఎక్స్‌రే తీసేటప్పుడు ఆమె చాటున నిలబడే అడ్డుతెరకు రేడియేషన్‌ను ఆపే సీసపు రేకు ఊడిపోయింది కనుక రీడింగు హద్దు దాటింది. రేకు కోసం మూడు అర్జీలు పెట్టింది.

కార్యదక్షులైన సూపరింటెండెంటుగారు ఆ రోజే ఆమెను పిలిపించారు. తోడుగా నేనూ వెళ్లాను.

"రేకు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బ్యాడ్జీ ఇలా ఇవ్వమ్మా."

"అది నేను పెట్టుకోవాలి కదా సార్?"

"నువ్వు పెట్టుకోబట్టే కదా రీడింగు పాడవుతోంది!"

"మరి కడుపులో బిడ్డ సార్? సెలవైనా ఇప్పించండి."

"రేడియేషన్ లేని ఆసుపత్రిలో సెలవెందుకు? అయినా బిడ్డకి మనం బ్యాడ్జీ ఇవ్వలేదుగా!"

ఈ తర్కం ముందు నా ఎమ్మెస్సీ ఫిజిక్సు తలవంచింది. బ్యాడ్జీ ఆయన బల్ల సొరుగులోకీ, తాళంచెవి ఆయన జేబులోకీ చేరాయి.

బయటికొచ్చి అడిగాను: "ఆయన కుర్చీ వెనకాల ఏముందే?"

"మా ఎక్స్‌రే గదే పెద్దమ్మా. ఏసీ గది విశాలంగా ఉండాలని గోడ కొట్టించి ప్లైవుడ్ పెట్టించుకున్నారు."

"ఛాతీ ఎక్స్‌రేలు ఎటువైపు తీస్తావు?"

"అటే. రెండో అర్జీలో అదీ రాశా. చదివితేగా!"

మూడు నెలలకు ప్రయోగశాల కవరు వచ్చింది. రీడింగు పాతదానికి నాలుగింతలు.

"ఎక్కడ పెట్టావమ్మా ఆ బ్యాడ్జీని?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"మూడు నెలలూ మీ సొరుగులోనే ఉంది సార్. తాళం మీ దగ్గరే."

ఆయన కుర్చీలోంచి లేచిన వేగం ఆ వయసువారిలో అరుదు. సాయంత్రానికల్లా సీసపు రేకులు దిగాయి. ఆయన గది నాలుగు గోడలకూ వేశారు. అడ్డుతెర దగ్గరికి వచ్చేసరికి స్టాకు అయిపోయింది.

మరుసటి మూడు నెలల్లో సొరుగులోని బ్యాడ్జీ సున్నా చూపింది. మంత్రిగారు స్వయంగా వచ్చి ఆసుపత్రి గుమ్మం మీద "సున్నా రేడియేషన్ ఆసుపత్రి" అని ఇత్తడి ఫలకం బిగించారు.

ఇది జరిగి తొమ్మిదేళ్లు. అప్పుడు కడుపులో ఉన్న పాపను ఏటా రక్తపరీక్షకు ఆ ఫలకం కిందినుంచే తీసుకెళ్తాను.