మైనం పంజా

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళేలోపు తాబేలుకు మునిమనవలు పుట్టేంత అడవిలో, వాగు ఒడ్డున తేనె పంపిణీ ఆఫీసు ఉండేది. అధికారి ఎలుగుబంటి. తేనెకు ఎలుగుబంటిని కాపలా పెట్టిన మహానుభావుడెవరో నన్నడక్కండి.

ఎలుగు దొరగారు ఆఫీసు మొహం చూసి మూడేళ్ళయింది. హాజరు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు.

ఎలాగంటారా? పొద్దున్నే ఉద్యోగులంతా తడి బంకమట్టి పలక మీద పంజా అచ్చు వెయ్యాలి. ఆ పలక కొండమీది సింహం దగ్గరికి వెళ్ళాలి. దొరగారు తనకీ, ఇంకో ముప్పై తొమ్మిదిమందికీ మైనంతో దొంగ పంజాలు చేయించారు. హాజరు లెక్కలో లేని అటెండరు కోతి ఆ నలభై అచ్చులూ టపటపా గుద్దేసి, పలక నెత్తిన పెట్టుకుని కొండెక్కేది. మిగతావాళ్ళు ఇళ్ళల్లో తీసే గురకకి మామిడికాయలు రాలేవి.

ఉద్యోగుల్లో ఏదుపందమ్మ ఒక్కతే మైనం పంజా వద్దంది.

"పిల్లకి జ్వరం దొరగారూ. రేపు రాను. రాలేదనే పంపండి."

"ఓసి పిచ్చిదానా! ఇంట్లో ఉంటూనే ఆఫీసులో ఉండే భాగ్యం ఎవరికి దొరుకుతుందే?"

"రెండుచోట్ల ఉండటం నాకు చేతకాదండీ."

దొరగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

మర్నాడు పలక కొండెక్కిందో లేదో, వాగు తాడిచెట్టంత ఎత్తున పొంగి ఆఫీసును గుమ్మంతో సహా మింగేసింది. సింహం పలక చూసింది. నలభై అచ్చులు, ఒక్క ఖాళీ. "అయ్యో, నలభైమందీ డ్యూటీలోనే పోయారా!" అని వెంటనే సంతాప సభ పెట్టించింది.

అప్పుడే నిద్రలేచిన దొరగారు ఆవులించుకుంటూ వస్తుంటే, కోతి పొద వెనక్కి లాగింది.

"ఆగండి దొరా! మీరు చచ్చిపోయారు."

"ఎప్పుడ్రా?"

"పొద్దున్నే. డ్యూటీలో."

"నేను ఇంట్లో ఉన్నాను కదరా!"

"ఆ ముక్క సింహంగారికి చెప్పండి. మూడేళ్ళ పలకలు ఎండబెట్టి దాచుకున్నారు."

సభలో సింహం లేచి నిలబడింది. "కుర్చీ వదిలితే ప్రాణం దక్కేది. వదల్లేదు! నిజాయితీ అంటే మా ఎలుగే!" ఏనుగులు ఏడ్చిన ఏడుపుకి వాగు రెండోసారి పొంగింది. అంత మంచివాడు పోయాడే అని పొద వెనక దొరగారు కూడా భోరుమన్నారు.

"పలక లెక్కలో బతికున్న ఉద్యోగి ఏదుపందమ్మే. ఆ కుర్చీ ఇక ఆమెదే" అంది సింహం.

కుర్చీ మాట వినగానే దొరగారు ఆగలేక ఒక్క దూకు దూకారు. సింహం ఉలిక్కిపడింది.

"ఎలుగూ! బతికే ఉన్నావా? మరి ఈ అచ్చెవరిది?"

దొరగారు పలక చూశారు. సింహం కోరలు చూశారు. చుట్టూ పొదల్లో దాక్కున్న ముప్పై తొమ్మిదిమందీ తలలు ఇంకా కిందికి దించుకున్నారు.

"లేదు ప్రభూ. నేను పొద్దున్నే పోయాను" అని చేతులు కట్టుకున్నారు.

వారం తిరిగేసరికి దొరగారు చిక్కి చీపురుపుల్లయి, కొత్త ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఏదుపందమ్మా, ఒక్క చుక్క తేనె!"

"చచ్చినవాళ్ళకి పంపిణీ లేదండీ" అంటూ ఆమె తడి పలక ముందుకు తోసింది. "బతికున్నానని పంజా వెయ్యండి, కుండెడు ఇస్తాను."

దొరగారు పంజా ఎత్తారు. పలక మీద కాసేపు ఆడించారు. దించి, పొదల్లోకి వెళ్ళిపోయారు.

కాబట్టి బాబుల్లారా, నిజాయితీపరుడన్న పేరు తెచ్చుకోవడం చాలా తేలిక, కాకపోతే బతికినన్నాళ్ళూ చచ్చి ఉండాలి.