చుక్కల పుస్తకం

ఆ ఉదయం హెడ్మాస్టారు రెండు పనులు పెట్టుకున్నారు. తొమ్మిదింటికల్లా కంటి ఆసుపత్రికి చేరడం ఒకటి. ఆలోగా మూడో అంతస్తులో కొత్తగా దిగినవాడికి ఒక నల్ల చుక్క పెట్టడం రెండోది.

మొదటిది భార్య పని. ఏడాదిగా ఆమె చూపు మసకబారి, ఎదురుగా ఉన్న మొగుణ్ణి గొంతు బట్టి పోల్చుకుంటోంది. ఆపరేషనయ్యాక చెల్లెల్ని తోడుంచుకుని, ఆయనతో ఒకే మాట చెప్పింది. "కట్టు విప్పగానే నాకు ముందు మీ మొహం కనబడాలండీ. ఆలస్యం చేస్తే మా చెల్లి మొహంతో సరిపెట్టుకుంటాను." ఆయన అప్పటికప్పుడు నవ్వేశారు గానీ, ఆ మాట గుండెలో దిగబడిపోయింది.

రెండోది ధర్మకార్యం. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లల పేర్ల పక్కన చుక్కలు పెట్టిన చెయ్యి ఆయనది. రిటైరై, పన్నెండు ఇళ్ళున్న ఆ భవనానికి కార్యదర్శి కాగానే గేటు గదిలో ఒక పుస్తకం పెట్టించారు. పిట్టగోడ మీద బట్టలారేస్తే చుక్క. చెత్తబుట్ట బయట పెడితే చుక్క. మొహం దాచుకున్నా, పనిలేకుండా బళ్ళ దగ్గర తచ్చాడినా, పరాయి సామాను ముట్టుకున్నా చుక్క. మూడు చుక్కలు పడ్డ అపరిచితుణ్ణి గేటు గదిలో కూర్చోబెట్టాలి. ఒక్క చుక్క కూడా లేని నివాసి వచ్చి హామీ ఇచ్చేదాకా కదలనివ్వకూడదు. పదకొండో నిబంధన అది. రాసిన రోజున ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయారు.

నాలుగు నెలల్లో అన్ని ఇళ్ళకీ చుక్కలు పడ్డాయి, మూడో అంతస్తువాడికి తప్ప. మెడ నిండా పచ్చబొట్లు, చెవికి పోగు, భుజాల దాకా జుట్టు. రోజూ ఏడున్నరకి గలగలమనే బరువైన సంచీ మోసుకుపోయేవాడు. అలాంటివాడికి ఒక్క చుక్క కూడా లేకపోవడమే హెడ్మాస్టారికి అన్నిటికన్నా పెద్ద అనుమానం.

అందుకని ఏడు గంటలకే మెట్ల కింద మాటు వేశారు. వాడు గుర్తుపట్టకుండా భార్య శాలువా తలకీ మూతికీ చుట్టుకుని, ఆసుపత్రివాళ్ళు ఆమెకిచ్చిన నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నారు. మధ్యలో మోగుతుందని ఫోను ఇంట్లోనే వదిలేశారు. ఆయన వెనకే తలుపు దానంతటదే తాళం పడింది. తాళంచెవి ఫోను పక్కనే ఉంది.

ఏడున్నరైంది. వాడు రాలేదు. ఏడూ నలభై అయ్యేసరికి ఓపిక నశించి, వాడి మోటారుసైకిలు పక్కపెట్టె మూత ఎత్తి లోపలికి తొంగిచూశారు.

"ఎవరయ్యా నువ్వు?"

వెనక కాపలామనిషి నిలబడి ఉంది. పాత కాపలాదారు సెలవు పెడితే కంపెనీవాళ్ళు పంపిన కొత్తావిడ. ఉద్యోగంలో అదే మొదటి రోజు. హెడ్మాస్టారు మూత వదిలేసి, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు శాలువా సవరించుకున్నారు.

ఆవిడ గేటు గదిలో కూర్చోబెట్టి పుస్తకం తెరిచింది. "మొహం దాచుకున్నారు, ఒకటి. తచ్చాడారు, రెండు. పెట్టె మూత తీశారు, మూడు."

"అమ్మా, ఈ పుస్తకం రాసిందే నేను. నేను కార్యదర్శిని."

"అలాగా. ఉండండి, ఆయనకే ఫోన్ చేసి అడుగుతాను."

నాలుగో అంతస్తులో హెడ్మాస్టారి ఫోను కిందిదాకా వినబడేట్టు మోగి మోగి ఆగిపోయింది.

"ఎత్తట్లేదు," అంది ఆవిడ.

"ఎలా ఎత్తుతాను? ఇక్కడున్నానుగా."

ఇంతలో రెండో అంతస్తు కుట్టుపని పిన్నిగారు దిగొచ్చారు. హెడ్మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"ఈయన మా మాస్టారేనమ్మా. వదిలెయ్."

ఆవిడ పుస్తకంలో వేలు పెట్టి చూసింది. "మీకు రెండు చుక్కలున్నాయండీ, బట్టలారేసినందుకు. మీ మాట చెల్లదు."

పిన్నిగారు ఆ చుక్కల్నీ హెడ్మాస్టారినీ మార్చి మార్చి చూశారు. "చెల్లదంటున్నారు, మాస్టారూ. రాసింది మీరేగా," అని కూరగాయలకి వెళ్ళిపోయారు.

తర్వాత పళ్ళ డాక్టరు వచ్చాడు. చెత్తబుట్ట చుక్క. మొదటి అంతస్తు కవలల తల్లి వచ్చింది. పిల్లలు మెట్ల మీద పరిగెత్తినందుకు నాలుగు చుక్కలు. అందరూ ఆయన్ని గుర్తుపట్టారు. ఒక్కరి గుర్తింపూ పనికి రాలేదు.

"పదకొండో నిబంధన ఇప్పుడే రద్దు చేస్తున్నాను," అన్నారాయన.

"దానికి కార్యదర్శి గారి సంతకం కావాలని పన్నెండోదాంట్లో ఉందండీ." ఆవిడ గొంతు తగ్గించింది. "ఏమనుకోకండి. ఇంతకుముందు ఒకచోట పెద్దమనిషిలా ఉన్నాడని ఒకణ్ణి నమ్మి వదిలేసి పని పోగొట్టుకున్నాను. మళ్ళీ పోతే ఇల్లు గడవదు."

గోడగడియారం ఎనిమిదీ ఇరవై చూపించింది. బస్సు పోయింది. కట్టు విప్పగానే చెల్లెలి మొహం చూస్తున్న భార్య తన కళ్ళ ముందు మెదిలి, హెడ్మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు మెట్ల మీద గలగలమని చప్పుడైంది.

"మాస్టారూ, ఇక్కడున్నారేంటి? పిన్నిగారి కుళాయి కారుతోంటే బాగుచేసి, ఇప్పుడే బయల్దేరాను." మూడో అంతస్తువాడు సంచీ కింద పెట్టాడు. నోరు తెరుచుకున్న సంచీలో చిన్నా పెద్దా ఇత్తడి తూకంరాళ్ళు తళతళలాడుతున్నాయి. దుకాణాల్లో త్రాసులు సరిగ్గా తూస్తున్నాయో లేదో తనిఖీ చేసే ఉద్యోగం అతనిది.

కాపలామనిషి పుస్తకం తిరగేసింది. "మీకు ఒక్క చుక్కా లేదండీ." ఆ రోజు ఆవిడ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. అతను హామీ సంతకం పెట్టాడు.

"బాబూ, నీకు చుక్క పెడదామనే వచ్చి ఇందులో పడ్డాను," అన్నారు హెడ్మాస్టారు నేల చూస్తూ.

"తెలుసు మాస్టారూ. రోజూ తలుపు సందులోంచి చూస్తారుగా. అందుకే మీ నిబంధనలన్నీ రెండుసార్లు చదివాను. నాలాంటి వాలకం ఉన్నవాడు చదవకపోతే కుదరదు." ఆ మాట మామూలుగానే అన్నాడు. ఆ మామూలుతనమే హెడ్మాస్టారికి సూదిలా గుచ్చుకుంది. "ఎక్కడికెళ్ళాలి?"

మోటారుసైకిలు గేటు దాటిన వేగానికి శాలువా ఎగిరి మందారమొక్క మీద పడింది. దారిలో హెడ్మాస్టారు ఆ పచ్చబొట్ల మెడ వెనకాలే నక్కి, తనకి తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుని, చివరికి అతనికే మనసులో ఒక దణ్ణం పెట్టారు.

నర్సు ఆఖరి చుట్టు విప్పుతుండగా గదిలో అడుగుపెట్టారు. ఆమె రెప్పలల్లార్చి చూసింది.

"వచ్చారా. అయ్యో, ఎంత ముసలాడైపోయారండీ." తర్వాత గుమ్మం దగ్గరికి చూపు తిప్పింది. "ఆ అబ్బాయెవరు? మొహం ఎంత బాగుందో."

"నాకు హామీ ఇచ్చినవాడు," అన్నారు హెడ్మాస్టారు.

సాయంత్రం భార్య చెయ్యి పట్టుకుని గేటులోకి వస్తూ, కాపలామనిషి ముందు ఆగి చేతులు జోడించారు. "నీలాంటి నిక్కచ్చి మనిషి దొరకడం మా అదృష్టం తల్లీ."

ఆవిడ మొహమాటపడుతూ పుస్తకం ముందుకి జరిపింది. ఆవరణలో అతివేగంగా బండి నడిపినందుకు మూడో అంతస్తాయన పేరు పక్కన కొత్త చుక్క ఉంది. కార్యదర్శి సంతకం కోసం వదిలిన ఖాళీలో హెడ్మాస్టారు సంతకం పెట్టారు.

హామీ ఇవ్వడానికి పనికొచ్చేవాడు భవనంలో ఒక్కడూ మిగలకపోవడంతో, ఆ రోజు నుంచి అందరూ ఒకరినొకరు ఊరికే నమ్మాల్సి వచ్చింది.