వెయ్యి అడిగితే పదివేలు

పదకొండింటికి ఆస్పత్రి ఇంజనీరమ్మ వచ్చి యంత్రాన్ని చూస్తానంది. తొమ్మిదింటికి ఒకసారి సరిచూసుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుందామని అల్లుడుగారి పథకం. ఉద్యోగం మానేసి ఆరు నెలలు ముందుగదిలో కూర్చుని చేసిన యంత్రం అది. గుండె నుంచి వచ్చే సన్నటి విద్యుత్తును మూడు మెట్లలో, మెట్టుకు పదింతల చొప్పున, వెయ్యింతలు చేయాలి. ఇది ఆవిడకు నచ్చకపోతే సోమవారం పాత ఆఫీసు గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడాల్సిందే.

తీరా చూస్తే, విద్యుత్తును కొలిచి చూపే స్కోపు తెరమీద పదివేలింతలు!

"ఎక్కువే కదా అల్లుడుగారూ! తక్కువైతే ఏడవాలి గానీ," అన్నారు మామగారు. ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి; అల్లుడి బల్ల దగ్గర్నుంచి కదలరు.

"గుండె గీత కాగితం దాటిపోతుంది మామయ్యగారూ! రోగి బాగానే ఉన్నా డాక్టరు హడలి చస్తాడు."

మొదటి మెట్టు దగ్గరే పదికి బదులు వంద కనిపించింది. దొంగ దొరికాడనుకుని అక్కడి చిప్పు మార్చాడు. ఊహూఁ. ఎన్నింతలు చేయాలో తేల్చే రెసిస్టరు కొత్తది వేశాడు. అబ్బే! ఫ్రిజ్ వల్లనేమో అన్నారు మామగారు. ఫ్రిజ్ ఆపారు. ఆ తర్వాత ఫ్యాను, మిక్సీ, ఆఖరికి భార్య చేతిలోని ఇస్త్రీపెట్టె.

"ఏవండీ, చొక్కా సగమే అయింది!"

"సగమే తొడుక్కుంటాలే, ఆపు!"

పదిన్నరకు చెమటలు కక్కుతూ, మొదటి మెట్టులో రెసిస్టరు పీకేసి పదోవంతుది అతికించాడు. తెరమీద చక్కగా వెయ్యి! మామగారు వీపు తట్టారు.

ఇంజనీరమ్మ వచ్చి తన సొంత మీటరు పెట్టింది. "వందే వస్తోందండీ," అంది.

ఆవిడ మీటరు సంచీలో పెట్టి జిప్పు లాగింది.

"ఒక్క నిమిషం ఆగండమ్మా," అంది భార్య. "ఏవండీ, లోపలికి ఎంత పోతోందో ఆ తెరమీద చూశారా?"

"చూడ్డమెందుకు? పరీక్షకు నేనే పెట్టానుగా, ఒక మిల్లీవోల్టు!"

"ఉప్పు నేనే వేసినా రుచి చూస్తాను. ముందు చూడండి."

చూస్తే పది! ఇంకా యంత్రంలో అడుగే పెట్టని విద్యుత్తు అప్పుడే పదింతలైంది. కొలిచే తీగ మీది చిన్న మీట, ఎప్పుడూ పది దగ్గరుండేది, ఒకటి దగ్గరికి జరిగి ఉంది. పది దగ్గరుంటే తీగ స్కోపుకు పదోవంతే పంపుతుంది, ఒకటి దగ్గరైతే ఉన్నదంతా పంపుతుంది. పాపం స్కోపుకు ఆ సంగతి తెలియదు. అది అలవాటుగా అన్నిటినీ పదింతలు చేసి చూపిస్తోంది.

"ఈ మీట ఎవరు తిప్పారు?"

మామగారు కిటికీలోంచి బయటకు చూశారు. "నిన్న సాయంత్రం నా పాత రేడియో కాస్త చూసుకున్నానులెండి..."

అసలు రెసిస్టరు తిరిగి అతికించాక ఆవిడ మీటరు కూడా వెయ్యే చెప్పింది. "ఇలాంటివి ఇరవై చేసివ్వండి. పరీక్షించడానికి మీ దగ్గర మనిషున్నారా?"

అల్లుడు భార్య వైపు తిరిగేలోపే, "నేనున్నానమ్మా!" అన్నారు మామగారు.

ఆ సాయంత్రమే ఆయనకు, బాగుచేయడానికి స్కోపు జోలికి రానక్కర్లేని కొత్త రేడియో ఒకటి ఇంటికొచ్చింది.